రాజ్మా, హామ్, స్లో కుక్కర్: ఆ వంటకంలో ఒక లైను తప్పిపోయింది

సంపాదకులు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో వంటల పేజీ చూశాను. హామ్‌తో రాజ్మా స్ట్యూ, బఠానీ బద్దల సూప్, తెల్ల బీన్స్ సూప్, మూడూ ఒకే పేజీలో ఇచ్చారు. ఈ మూడూ నేను ఏళ్లుగా ఇంట్లో చేసే వంటలే కాబట్టి కాఫీ పక్కన పెట్టి మరీ చదివాను. రాసినవాళ్లు ఇష్టంగానే రాశారని తెలుస్తోంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ రాజ్మా స్ట్యూ దగ్గర ఒక్క లైను లేకపోవడం వల్ల ఎవరికైనా ఒళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది, అది తెలిసీ ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నా. కొంచెం పెద్దదే అవుతుంది, దయచేసి ఆ భాగం వరకైనా వెయ్యండి.

మీరు వేసింది ఇది: రాజ్మా రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే హామ్ హాక్ (ఉప్పులో ఊరిన పంది కాలి ముక్క), ఉల్లిపాయ, టమాటా, ఉప్పు అన్నీ కలిపి స్లో కుక్కర్లో, అంటే సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్లో వేసి, 'లో' సెట్టింగ్ మీద 8 గంటలు వదిలేయండి అని. ఎర్ర రాజ్మాని ఇలా అస్సలు వండకూడదండీ. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అని ఒక లెక్టిన్, అంటే ఒక రకం ప్రోటీన్ ఉంటుంది, పేరు నోరు తిరగకపోయినా పని మాత్రం గుర్తుంచుకోవాలి, సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల లోపు కడుపులో తిప్పడం, వాంతులు, తర్వాత విరేచనాలు. ఇది బాగా మరిగే నీళ్లలో విరిగిపోతుంది. స్లో కుక్కర్ని 'లో' సెట్టింగ్ మీద పెడితే లోపల వేడి చాలాసార్లు 75 డిగ్రీలు కూడా దాటదు. అంతకన్నా భయపెట్టేది ఏంటంటే 80 డిగ్రీల దాకా మాత్రమే వేడెక్కిన గింజల్లో ఆ విషం తగ్గకపోగా పచ్చి గింజల కంటే ఐదు రెట్ల దాకా పెరగొచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. అంటే 8 గంటలు ఉడికింది కదా అనే ధైర్యమే ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పే మాట కాదు. మూడేళ్ల కిందట స్లో కుక్కర్ కొన్న కొత్తలో దాంతో పాటు వచ్చిన చిన్న పుస్తకం చూసి అచ్చం మీరు రాసినట్టే చేశాను. మధ్యాహ్నానికి ఇల్లంతా హామ్ పొగ వాసన, మూత తీస్తే రసం ఎర్రగా నిగనిగలాడుతోంది, గింజ నొక్కి చూస్తే పైన మెత్తగానే ఉంది కానీ మధ్యలో సున్నం ముక్కలా కొంచెం గట్టిగా తగిలింది, అది పట్టించుకోకుండా వడ్డించేశాను. రెండు గంటలు తిరక్కుండానే మా ఆయన బాత్రూమ్ వైపు పరిగెత్తారు, ఆ తర్వాత నేను, ఆ తర్వాత మా అమ్మాయి. హామ్ పాడైపోయిందేమో అనుకున్నాం ముందు. డాక్టరు గారు ఏం తిన్నారు, ఎలా వండారు అని అడిగి అడిగి చివరికి గింజల దగ్గర ఆగారు. సాయంత్రానికి ముగ్గురం తేరుకున్నాం, కానీ ఏడేళ్ల పిల్ల అలా వాడిపోయి సోఫాలో పడుకున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అందుకే మీ పేజీ చూడగానే గుండె జల్లుమంది.

సరిచేయడం చాలా తేలిక. రాజ్మా కనీసం 5 గంటలు నానబెట్టాలి, ఆ నీళ్లు పారబోయాలి, కొత్త నీళ్లు పోసి స్టవ్ మీద గిన్నెలో బుడగలు బాగా వచ్చేలా 30 నిమిషాలు మరిగించాలి, ఆ తర్వాతే స్లో కుక్కర్లో వేయాలి. విషం విరగడానికి 10 నిమిషాలే చాలు కానీ గింజ లోపలి దాకా ఆ వేడి చేరిందనే నమ్మకం కోసం 30 చెబుతారు. ప్రెషర్ కుక్కర్లో వండేవాళ్లకి ఈ బెంగ లేదు, అందులో వేడి 100 దాటిపోతుంది. డబ్బా బీన్స్ అయితే ముందే ఉడికినవి, భయం లేదు. తెల్ల కిడ్నీ బీన్స్‌లో ఈ విషం ఎర్రవాటిలో మూడో వంతే ఉంటుంది కానీ నేను వాటిని కూడా మరిగించే వేస్తాను, ఆ అరగంట దగ్గర పిసినారితనం ఎందుకు. బఠానీ బద్దలకి మాత్రం ఈ తలనొప్పి లేదు, అవి నానబెట్టకుండానే కడిగి నేరుగా వేసేసుకోవచ్చు.

ఇక రెండో విషయం. మీ మూడు వంటల్లోనూ ఎన్ని గ్రాములు, ఎన్ని స్పూన్లు అనేది చక్కగా ఇచ్చారు కానీ ఏది ఎప్పుడు వేయాలో చెప్పలేదు, అన్నీ ఒకేసారి అన్నారు. హామ్‌తో గింజలు వండటంలో అసలు సంగతంతా ఆ వరసలోనే ఉందని నా అనుభవం. కొలతలు కాస్త అటూ ఇటూ అయినా వంట నిలబడుతుంది, వరస తప్పితే మాత్రం ఇంక దారిలోకి రాదు.

ముందు ఉప్పు. హామ్ అంటేనే ఉప్పులో ఊరిన మాంసం, రకాన్ని బట్టి 100 గ్రాములకి ఒక గ్రాము పైన సోడియం కూడా ఉంటుంది, అదంతా రెండు మూడు గంటల్లో మెల్లగా రసంలోకి దిగుతుంది. మొదటి గంటలో రుచి చూస్తే చప్పగా ఉంటుంది, అయ్యో అని ఒక స్పూను వేస్తాం, మూడో గంటకి నోట్లో పెట్టుకోలేం. చాలామంది ఉప్పు ముందు వేస్తే గింజ ఉడకదు అని చెబుతారు, అది నిజం కాదు. నానబెట్టే నీళ్లలో లీటరుకి ఒక టేబుల్ స్పూన్ ఉప్పు వేసి మర్నాడు కడిగేస్తే గింజ తోలు ఇంకా మెత్తగా, పగలకుండా ఉడుకుతుంది, ఎందుకంటే తోలులో కణాల గోడల్ని అతికి ఉంచే పెక్టిన్‌ని బిగించి పట్టుకునే కాల్షియం, మెగ్నీషియం చోటికి సోడియం వెళ్తుంది. కాబట్టి ఉడికేటప్పుడు ఉప్పు వేయొద్దు అనడానికి కారణం గింజ కాదు, హామ్. హాక్ మరీ ఉప్పగా ఉంటే ముందు రాత్రి చల్లటి నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా ఒకసారి మరిగించి ఆ నీళ్లు పారబోయండి. నేనైతే ఉప్పు డబ్బాని స్టవ్ దగ్గర్నుంచి తీసేసి అవతల అలమారాలో పెట్టేస్తా, దింపే ముందే మళ్లీ తెస్తా, నూటికి తొంభై సార్లు దాని మూత తీసే పనే ఉండదు.

తర్వాత పులుపు. టమాటా, వెనిగర్, నిమ్మరసం ఏవైనా సరే గింజ పూర్తిగా మెత్తబడ్డాకే. పులుపు తగిలితే గింజ గోడలు కరగడం మందగిస్తుంది, మీరు ఇంకో రెండు గంటలు ఉడికించినా అలా బిర్రుగానే ఉంటాయి. మీ స్ట్యూలో టమాటా మొదట్లోనే వేయమన్నారు, పైగా 'లో' సెట్టింగ్ మీద, ఇక ఆ గింజ ఉడికేది ఎప్పుడు? ఉడికిందా లేదా చూడటానికి మా అత్తగారు చెప్పిన పద్ధతి నేను ఇప్పటికీ వాడతాను, గరిటెతో నాలుగు గింజలు తీసి ఉఫ్ అని ఊదితే తోలు ముడతపడి లేచిపోవాలి, అప్పుడు ఒకటి నాలుక మీద పెట్టి పై అంగిలికి నొక్కితే పంటి పని లేకుండా వెన్నలా విడిపోవాలి, అలా ఒకటి కాదు, ఐదు గింజలు వరసగా విడిపోవాలి, అప్పుడే టమాటా. ఎంత ఉడికించినా విడిపోకపోతే గింజ పాతదైనా అయ్యుండాలి, నీళ్లు బాగా కఠినమైనవైనా అయ్యుండాలి. వేడిగా, తేమగా ఉన్న చోట ఏళ్ల తరబడి నిలవున్న గింజలు గట్టిపడిపోతాయి, వాటికి ఒక చిటికెడు వంటసోడా సాయపడుతుంది, కానీ చిటికెడే, ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

హామ్ ఎముక గురించి మీ పేజీలో ఒక్క ముక్క కూడా లేదు, పైగా తెల్ల బీన్స్ సూప్‌లో ఎముక తీసేసిన హామ్ ముక్కలు వాడమన్నారు. అది నాకు చాలా బాధ అనిపించింది. హామ్ ముక్కలు మొదటే వేసి మూడు గంటలు ఉడికిస్తే ఉన్న రుచంతా రసానికి ఇచ్చేసి చివరికి పీచులా మిగులుతాయి. హాక్ అంటే పంది కాలి కింద కీలు దగ్గరి ముక్క, తినడానికి మాంసం తక్కువే, తోలు, నరాలు, ఎముక ఎక్కువ, కానీ ఈ వంటకి దాన్ని మించింది లేదు. ఆ తోలూ నరాల్లోని కొల్లాజెన్ సన్నని సెగ మీద రెండు మూడు గంటల్లో జెలటిన్‌గా కరిగి రసానికి ఒక నిండుదనం ఇస్తుంది, పెదవులు కాస్త అంటుకునేంత చిక్కదనం. ఉడికిందని ఎలా తెలుస్తుందంటే, పట్టకారుతో పైకి ఎత్తితే తోలు చేతి తొడుగులా జారిపోయి, లోపల రెండు ఎముకలు దేనికది వదులుగా ఊగుతుంటాయి, మాంసం గులాబీ రంగులో పాయలు పాయలుగా ఊడి వస్తుంది. దాన్ని ప్లేటులో ఆరనిచ్చి, తోలు పక్కన పెట్టి, మాంసం చేత్తో చీరి, చివరి పది నిమిషాల్లో మళ్లీ గిన్నెలో కలపాలి. చేత్తోనే ఎందుకంటే చిన్న ఎముక పెంకులు వేళ్లకి తగిలినట్టు కత్తికి తగలవు, పిల్లలు తినే ఇంట్లో అది ముఖ్యం.

పెద్ద హామ్ వండుకున్నప్పుడు మిగిలిన ఎముకైనా సరే పారేయకండి. కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టుకుంటే ఒక రెండు నెలలు ఎప్పుడు కావాలంటే అప్పుడు సూప్ సిద్ధం.

మీ వ్యాసంలో హామ్ వేసి గింజలు వండటం ఈమధ్య రెస్టారెంట్లు తెచ్చిన ఫ్యాషన్ అన్నట్టు ఒక మాట ఉంది. కాదండీ, ఇది మొదట్నుంచీ ఇంటి వంటే, మిగిలిన ఎముకనీ చవక గింజనీ కలిపి పదిమంది కడుపు నింపిన వంట. అమెరికా సెనేట్ క్యాంటీన్‌లో నేవీ బీన్స్ (చిన్న తెల్ల బీన్స్) సూప్ ప్రతిరోజూ ఉండి తీరాలని ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే పెట్టుకున్న ఆనవాయితీ ఇప్పటికీ నడుస్తోంది, దాన్ని ఐడహో సెనేటర్ డుబాయిస్ మొదలుపెట్టాడని కొందరు, మిన్నెసోటా సెనేటర్ న్యూట్ నెల్సన్ 1903లో మొదలుపెట్టాడని కొందరు చెప్పుకుంటారు. ఇప్పుడు వాళ్లు ఇచ్చే వంటకంలో ఏముందో చూడండి: చిన్న తెల్ల బీన్స్ 2 పౌండ్లు అంటే దాదాపు 900 గ్రాములు, నీళ్లు, పొగబెట్టిన హామ్ హాక్స్ పౌండున్నర, ఒక ఉల్లిపాయ, రెండు స్పూన్ల వెన్న, చివర్లో ఉప్పు మిరియాలు. అంతే. బీన్స్ కడిగి హాక్స్‌తో సన్నని సెగ మీద మూడు గంటలు, తర్వాత హాక్స్ తీసి మాంసం చీరి మళ్లీ వేయడం, ఉల్లిపాయ వెన్నలో విడిగా వేయించి కలపడం, ఉప్పు వడ్డించే ముందు. మీరు తెల్ల బీన్స్ సూప్‌కి పద్దెనిమిది సరుకులు రాశారు, నేను లెక్కపెట్టాను, వాటిలో సగం లేకపోయినా ఆ సూప్‌కి ఏ లోటూ ఉండదు.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొత్త సంవత్సరం రోజున బొబ్బర్లు, బియ్యం, పంది మాంసం కలిపి వండే హాపిన్ జాన్ కూడా ఇదే కుటుంబం. బొబ్బర్లు పుట్టింది ఆఫ్రికాలో, అక్కడి నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటు సముద్రం దాటాయి. ఆ వంట వెనక అంత కథ ఉందని తెలిసినప్పటి నుంచి నేను బొబ్బర్లు వండిన ప్రతిసారీ ఒక క్షణం ఆగి ఆ మనుషుల్ని తలుచుకుంటాను. బొబ్బర్లు త్వరగా ఉడుకుతాయి, కాబట్టి హాక్‌ని ముందు ఒక గంటన్నర ఒక్కదాన్నే ఉడికించి, ఆ రసంలో తర్వాత బొబ్బర్లు వేయాలి, రెండూ కలిపి మొదలుపెడితే హాక్ మెత్తబడేసరికి బొబ్బర్లు చితికిపోతాయి. ఇక్కడ కూడా వరసే.

బఠానీ బద్దల సూప్ దగ్గర మీది దాదాపు సరిగ్గానే ఉంది, ఒక్క చిన్న సవరణ. 500 గ్రాముల బద్దలకి ఒక హాక్, రెండు లీటర్ల నీళ్లు, ఉల్లి, క్యారెట్, సెలెరీ, ఒక బే ఆకు. ఇక్కడా హాక్ ముందే ఒక గంటన్నర ఉడకాలి, ఆపైన బద్దలు వేస్తే గంటలో కరిగిపోతాయి. పైకి వచ్చే తెట్టు మొదట్లో గరిటెతో తీసేయాలి. చివరి అరగంట మాత్రం స్టవ్ దగ్గర్నుంచి కదలకండి, పిండిపదార్థం అంతా అడుక్కి చేరి అంటుకుంటుంది, చెక్క గరిటెతో గిన్నె అడుగు గీస్తూ కలపాలి, గరిటె వెనక ఒక దారి పడి మెల్లగా మూసుకుపోతుంటే సరిగ్గా వచ్చినట్టు. ఒకసారి అడుగు మాడితే గీకకండి, పైది మాత్రం ఇంకో గిన్నెలోకి వంచుకోండి, గీకితే మాడు వాసన మొత్తానికి పట్టేస్తుంది. డచ్ వాళ్లు స్నెర్ట్ అని పిలుచుకునే బఠానీ సూప్ అయితే గరిటె నిలబెడితే నిలబడేంత చిక్కగా ఉండాలంటారు, మర్నాడు తింటేనే బాగుంటుందని కూడా అంటారు, నాకూ మర్నాటిదే ఇష్టం. ఫ్రిజ్‌లో గడ్డలా బిగుసుకుపోతుంది, కంగారు పడక్కర్లేదు, కాస్త నీళ్లు పోసి సన్నగా వేడి చేస్తే మళ్లీ జారుతుంది. ప్రెషర్ కుక్కర్లో చేసేవాళ్లు సగానికి మించి నింపకూడదు అని కూడా రాయాల్సింది, బద్దలు నురగ కట్టి ఆవిరి రంధ్రానికి అడ్డం పడతాయి.

నిల్వ గురించి కూడా రెండు మాటలు. ఇంత చిక్కటి వంట పెద్ద గిన్నెలో అలాగే వదిలేస్తే లోపల గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది, బ్యాక్టీరియాకి అంతకంటే ఏం కావాలి, అందుకే రెండు గంటల లోపు వెడల్పాటి గిన్నెల్లోకి పల్చగా పోసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.

ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు గారు అసలు హామ్ వంటకాలే వేయొద్దు, ప్రాసెస్డ్ మాంసం క్యాన్సర్ అని రాశారు. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు, దాన్ని కొట్టిపారేయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రాసెస్డ్ మాంసాన్ని మొదటి గ్రూపులో, అంటే క్యాన్సర్ తెస్తాయని గట్టి ఆధారాలున్నవాటిలో పెట్టింది, రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. అది రోజూ తినేవాళ్ల లెక్క. అందుకే నేను అనేది, హామ్ తినాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి దారి లేదు. హామ్‌ని ముక్కలు ముక్కలుగా ప్లేటు నిండా పెట్టుకునే బదులు ఒక్క హాక్‌తో 500 గ్రాముల గింజలు వండితే ఎనిమిది మందికి వస్తుంది, మాంసం ఒక్కొక్కరికి 30 గ్రాముల చుట్టూనే ఉంటుంది, మిగతా కడుపు నింపేది పీచూ ప్రోటీనూ నిండిన గింజ. మా ఇంట్లో నెలకి రెండుసార్లకి మించదు. బీపీ ఉన్నవాళ్లు మాత్రం హాక్ నానబెట్టి ఉప్పు తీసే పని మానకూడదు, డబ్బా బీన్స్ వాడితే వడకట్టి బాగా కడిగితే వాటి ఉప్పూ చాలా తగ్గుతుంది. గింజలు తింటే గ్యాస్ అనేవాళ్లు నానబెట్టిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో వండి చూడండి, గ్యాస్ తెప్పించే రాఫినోజ్, స్టాకియోజ్ చక్కెరల్లో కొంత ఆ నీళ్లతోనే పోతుంది.

ఇప్పుడు నా విన్నపం. వచ్చే ఆదివారం వంటల పేజీలో, లోపలెక్కడో మూలన కాకుండా, పైనే బాక్స్ కట్టి ఈ సవరణ వేయండి: "గతవారం ఇచ్చిన రాజ్మా స్ట్యూకి నానబెట్టిన నీళ్లు పారబోసి, రాజ్మాని కొత్త నీళ్లలో 30 నిమిషాలు బాగా మరిగించిన తర్వాతే స్లో కుక్కర్లో వేయాలి. అలా చేయకుండా వండినది తినకండి." ఆన్‌లైన్లో ఉన్న పేజీలో కూడా ఇవాళే మార్చండి, ఎందుకంటే చాలామంది పేపర్ చూసి కాదు, ఫోన్లో వెతుక్కుని వండుతున్నారు, మా అమ్మాయి స్నేహితురాలి వాళ్లమ్మ నిన్ననే ఆ లింకు పంపి శనివారం చేస్తున్నానని చెప్పింది, ఆవిడకి నేను ఫోన్ చేసి చెప్పాను కానీ మిగతావాళ్లకి చెప్పగలిగింది మీరే.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు